కౌన్సెలింగ్‌లో గోల్ ఎవరు పెట్టాలి?

నాకు అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసేవాళ్లలో సగం మంది రావాల్సిన మనిషి తరఫున చేస్తారు, అమ్మో నాన్నో అక్కో. "మేడమ్, మావోడికి జర మంచిగ చెప్పండి, మీరు చెప్తే వింటడు." ఆ మాటలో ప్రేమ ఉంటుంది, భయం కూడా ఉంటుంది, రెండూ నిజమే. కాకపోతే ఏం మారాలో అప్పటికే వాళ్లు డిసైడ్ చేసేసి ఉంటారు, అబ్బాయి గే అయితే మామూలుగా అవ్వాలి, అమ్మాయి పెళ్లి వద్దంటే ఒప్పుకోవాలి, ఇక నేను చేసి పెట్టడమే తరువాయి.

హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తూ నేను గట్టిగా పట్టుకున్నది ఒక్కటే. ఒక మనిషి ఎవరు అన్నది నేను బాగుచేసే విషయం కాదు, వాళ్లకి ఎక్కడ నొప్పిగా ఉంది, దాంట్లో ముందు ఏది పట్టుకోవాలి అన్నది మాత్రం ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం. (ఇక్కడ రాసేవన్నీ ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి, ఎవరూ గుర్తుపట్టకుండా మార్చినవి.)

ఇది సెషన్ కంటే ముందే, ఫామ్ దగ్గరే మొదలవుతుంది. నా ఫామ్‌లో "మిమ్మల్ని ఏమని పిలవాలి" అని ఒక గడి, దాని కిందే "వాట్సాప్‌లో ఏ పేరుతో మెసేజ్ పెట్టాలి" అని ఇంకో గడి ఉంటాయి. రెండోది ఎందుకంటే ఇంట్లో ఫోన్ ఎవరి చేతికైనా వెళ్తుంది కదా, ఒక ట్రాన్స్ అమ్మాయి నా గదిలో తనకి నచ్చిన పేరుతో ఉంటుంది, కానీ రిమైండర్ ఆ పేరుతో వెళ్తే రాత్రికి ఇంట్లో పెద్ద గొడవ. రసీదు మీద ఏం రాయాలి, ఫోన్ పేలో ఏ పేరు కనబడుతుంది, ఇవన్నీ ముందే అడిగేస్తా. చిన్న విషయాల్లాగే ఉంటాయి గానీ ఇవి అడిగినప్పుడే చాలామంది భుజాలు కిందికి దిగడం నేను చూశా.

ఇక గే అబ్బాయి కోసం ఫోన్ చేసిన ఆ అమ్మ సంగతి. ఆవిడని విడిగా కూర్చోబెట్టి మాట్లాడతా, కొడుకు ఒప్పుకుంటేనే. అమ్మా, గే అవడం జబ్బు కాదు, అమెరికా సైకియాట్రీ సంఘం 1973లోనే జబ్బుల లిస్టులోంచి తీసేసింది, డబ్ల్యూహెచ్‌ఓ 1990లో తీసేసింది, మన దగ్గర నేషనల్ మెడికల్ కమిషన్ కూడా 2022లో, మారుస్తామని ట్రీట్‌మెంట్ ఇచ్చే డాక్టర్లది వృత్తిపరమైన తప్పు కిందికి వస్తుందని చెప్పింది అని నెమ్మదిగా చెప్తా. "అయితే నా పిల్లగాడు బతుకంతా ఒక్కడే ఉండాల్నా మేడమ్?" అంటుంది. అసలు భయం అదీ. దాని గురించి ఎంతసేపైనా మాట్లాడతా. కానీ ఫీజు మీరు కట్టినా లోపల వాడు నాతో చెప్పింది వాడిదే, వాడు మేజర్, నేను మీకు చెప్పను అని కూడా ఆ రోజే చెప్పేస్తా.

ఇప్పుడు కొడుకు. గోల్ ఏంటని అడిగితే ఇంట్లో చెప్పేయడమే అంటాడేమో అనుకుంటారు చాలామంది. అతను చెప్పింది, "దసరాకి ఊరికి పోయినప్పుడు పెండ్లి ముచ్చట తీస్తే చేతులు వణకకుండ అన్నం తినాలె, అంతే." అదే బోర్డు మీద అతని మాటల్లోనే రాశాం. మేనత్త ఎప్పుడు మొదలుపెడుతుంది, పక్కన ఎవరు ఉంటారు, ఒక్క వాక్యంలో ఏం చెప్పి లేచి రావచ్చు, ఇవి ప్రాక్టీస్ చేశాం. ఇంట్లో చెప్పడమా వద్దా, చెప్తే ఎప్పుడు, అది అతని చేతిలోనే ఉంది, చెప్పాక ఇంట్లోంచి గెంటేస్తే రాత్రి ఎక్కడ పడుకోవాలో వెతుక్కునేది నేను కాదు కదా. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే సైకాలజిస్టు థెరపీ పనిచేయాలంటే గోల్ మీద ఒప్పందం, చేసే పని మీద ఒప్పందం, ఇద్దరి మధ్య ఒక బంధం, ఈ మూడూ ఉండాలన్నాడు. నేను ప్రతి సెషన్ చివర్లో ఇవాళ్టిది మీకు పనికొచ్చిందా, ఏది మార్చాలి అని అడిగేది అందుకే.

ఇంకొక విషయం నన్ను బాగా కదిలిస్తుంది. కులం. కాలేజీలో నీ ర్యాంక్ ఎంత అని పదే పదే అడిగి నవ్వుకున్నారని ఒక అమ్మాయి వచ్చింది. అంతకుముందు వెళ్లిన చోట "నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్" అన్నారట. సీబీటీలో, అంటే మన ఆలోచనల్ని పరిశీలించి మార్చుకునే థెరపీలో, ఒక ఆలోచన రాసి దానికి సాక్ష్యం ఉందా లేదా చూడమంటాం, మంచి పద్ధతే, నేనూ వాడతా, కానీ ఇక్కడ సాక్ష్యం ఉంది, నవ్వింది నిజం, అలాంటప్పుడు ఆ ఆలోచనే తప్పు అనడం ఆ అమ్మాయిని ఇంకోసారి అవమానించడమే. జరిగింది జరిగిందని ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాత "నేనే తక్కువదాన్ని" అని తను తీసుకున్న ముగింపు ఉంది చూడండి, దాన్ని మాత్రం ఇద్దరం కలిసి ప్రశ్నిస్తాం.

అంటే క్లయింట్ ఏమన్నా తల ఊపేస్తానని కాదు. రోజూ తాగుతుంటే అది అడుగుతా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగుతా. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చు, అది కూడా మొదటి రోజే చెప్తా.

కౌన్సెలర్‌ని వెతుక్కుంటున్నవాళ్లు ఫోన్‌లోనే అడిగేయండి, నేను గే, లేదా ట్రాన్స్, లేదా దళిత్, మీరు ఇలాంటివాళ్లతో ఎలా పనిచేస్తారు, నేను చెప్పినవి మా ఇంట్లోవాళ్లకి చెప్తారా అని. "అవన్నీ ఎందుకండీ, మనుషులంతా ఒక్కటే" అంటే ఇంకొకరిని చూసుకోండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలోనే జెండర్, లైంగికత, కులం, మతం చూసి తేడా చేయకూడదని ఉంది, కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు. డబ్బులు ఇబ్బంది అయితే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ టైమ్‌లోనైనా ఫ్రీగా కాల్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు, అక్కడ కూడా ఇవే ప్రశ్నలు అడగండి.