పికప్ మార్చకుండానే నా గిటార్ బాగుపడిన విధం

నా అకౌస్టిక్ గిటార్‌లో శాడిల్ (తీగలు ఆనే సన్నని పట్టీ) కింద పీజో పికప్ (తీగల అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఉంది. కొన్నాళ్లుగా దానితో రెండు ఇబ్బందులు. యాంప్‌కి కలిపితే ఒకటో తీగ దాదాపు వినపడదు, మిగతా ఐదూ బాగానే మోగుతాయి. పైగా కింది స్థాయి స్వరాలు కొన్ని వాయిస్తే గరగరమని చప్పుడు. అడిగిన ప్రతివాళ్లూ ఒకటే మాట, పికప్ పోయింది, మార్చెయ్ అని. మార్చడం పెద్ద పనేం కాదు, కానీ గిటార్ లోపల చూసి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు, అందుకే అసలు లోపం ఎక్కడుందో తేలేదాకా కొత్త పికప్ ఊసెత్తకూడదనుకున్నాను.

బయటి సంగతులు త్వరగానే తేలిపోయాయి. కేబుల్ మార్చి చూశాను, వేరే యాంప్‌కి కలిపి చూశాను, తేడా లేదు. ప్రీయాంప్‌లోని (పికప్ సిగ్నల్‌ని బలపరిచే, గిటార్‌లోనే ఉండే సర్క్యూట్) 9 వోల్టుల బ్యాటరీ మల్టీమీటర్‌లో పూర్తిగానే చూపించింది. బ్యాటరీ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇలాంటి గిటార్లలో జాక్ సాధారణంగా స్టీరియో రకం, కేబుల్ గుచ్చగానే బ్యాటరీ మైనస్ వైపు సర్క్యూట్ కలిసి ప్రీయాంప్ ఆన్ అవుతుంది. అంటే వాయించకపోయినా కేబుల్ గుచ్చి ఉంచితే బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక కేబుల్ తీసెయ్యండి.

తర్వాత కేబుల్ పూర్తిగా తీసేసి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు సౌండ్‌హోల్ దగ్గర చెవి పెట్టి వాయించాను. గరగర అప్పుడూ ఉంది, సన్నగా. అంటే దాన్ని పుట్టిస్తున్నది పికప్ కాదు, ఉన్నదాన్ని పెద్దది చేసి వినిపిస్తోంది అంతే. ఏ గిటార్‌కైనా మొదటి పరీక్ష ఇదే అవ్వాలని నా అభిప్రాయం, ఎందుకంటే సమస్య కరెంటుదా చెక్కదా అన్నది ఇక్కడే తేలుతుంది.

ఆరో తీగ మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు గీత) మీద జి స్వరం, అంటే సుమారు 98 హెర్ట్జ్, దగ్గరే ఆ చప్పుడు ఎక్కువ. ఫ్రెట్‌కి తీగ తగులుతోందేమో అని ముందు అనుమానం వస్తుంది. అది తేల్చడానికి ఐదో తీగని ఎ నుంచి జి దాకా కిందకి దించి, ఎక్కడా నొక్కకుండా వదిలి మీటాను. అదే గరగర. ఫ్రెట్ ప్రమేయమే లేకుండా అదే స్వరానికి వచ్చిందంటే గిటార్ డొల్లలో ఏదో వదులై ఆ స్వరానికి అదురుతోందన్నమాట. పెద్ద డొల్ల ఉన్న డ్రెడ్‌నాట్ గిటార్లలో లోపలి గాలి ప్రతిధ్వని 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి, లోపల ఏది వదులుగా ఉన్నా అక్కడే బయటపడుతుంది.

తీగలు వదులు చేసి, చిన్న అద్దం, సన్నని ఎల్ఈడీ లైటు, ఫోన్ కెమెరా లోపలికి పంపాను. ముందు కనిపించింది పికప్ వైరు, క్లిప్పు ఊడి వెనక చెక్కకి తగులుతూ వేలాడుతోంది. అంటించేశాను. గరగర తగ్గింది గానీ పోలేదు. ఇక మిగిలింది బ్రేసులు. పై చెక్క మందం 3 మిల్లీమీటర్లకి అటూఇటూ ఉంటుంది, లైట్ సెట్ తీగలు అన్నీ కలిపి 70 కిలోలకి పైగా లాగుతుంటాయి, ఆ బరువుకి చెక్క వంగిపోకుండా కింద ఆసరాగా ఉండేవే ఈ చెక్క పట్టీలు. వాటిలో ముఖ్యమైనవి రెండు ఎక్స్ ఆకారంలో దాటుకుంటాయి, 1840ల నాటి మార్టిన్ గిటార్లలోనే ఈ పద్ధతి కనిపిస్తుంది.

వేలి కణుపుతో పై చెక్కని అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాను. బ్రిడ్జ్ (శాడిల్‌ని పట్టి ఉంచే చెక్క) వెనకవైపు ఒకచోట మాత్రం శబ్దం మారింది, గట్టిగా టక్కుమనాల్సింది మెత్తగా చప్‌మంది. అక్కడ లోపల చెయ్యి పెట్టి సన్నని కాగితం ముక్కని ఎక్స్ బ్రేసు చివరికీ పై చెక్కకీ మధ్య జరిపితే, గోరంత దూరం లోపలికి దూరింది. జిగురు వదిలేసిందన్నమాట. అద్దంలో చూస్తే ఆ సందు కనపడనే లేదు, కాగితమే పట్టించింది. గాలి బాగా పొడిగా ఉన్న గదిలో చెక్క కుంచించుకుని ఇలా వదలడం మామూలే, గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ మంచిదనడం అందుకే.

పలుచని కత్తి అంచుతో చెక్క జిగురుని సందులోకి పంపి, అదనంగా వచ్చింది తడిగుడ్డతో తుడిచి, లోపల చిన్న జాకీ ఆనించి ఒక రోజు తీగల జోలికి పోకుండా వదిలేశాను. ఈ పని మొదటిసారి చేసేవాళ్లు జిగురు లేకుండా జాకీ బిగించి చూసుకోవడం మంచిది, ఎక్కువ బిగిస్తే పై చెక్క పైకి ఉబ్బుతుంది. తీగలు బిగించాక గరగర పూర్తిగా పోయింది.

ఒకటో తీగ సంగతి అలాగే ఉంది. పీజో అంటే మైకు కాదు, ఒత్తిడి మారితే వోల్టేజి ఇచ్చే పదార్థం, ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. శాడిల్ దాని మీద ఎక్కడ సరిగ్గా ఆనుతుందో అక్కడే శబ్దం, ఆనని చోట ఏ తీగున్నా నీరసంగానే వస్తుంది. శాడిల్ తీసి దాని అడుగున ఉక్కు స్కేలు ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాను. వెలుతురు ఎక్కడా రాలేదు, అడుగు సమంగానే ఉంది. లోపం శాడిల్ కూర్చునే గాడిలో దొరికింది. పికప్ పట్టీ కిందకి దిగే రంధ్రం మా గిటార్‌లో ఒకటో తీగ వైపు ఉంది, దాని అంచు నిటారుగా ఉండటంతో పట్టీ అక్కడ ఠక్కున మడతపడి, మడతకి ఆనుకుని ఉన్న భాగం గాడి అడుగుని తాకకుండా లేచి ఉంది. పక్కనే కొంచెం చెక్కపొడి కూడా.

పట్టీని మెల్లగా బయటికి లాగి, రంధ్రం అంచుని సన్నని గుండ్రటి ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, పొడి ఊదేసి, మళ్లీ కూర్చాను. ఈసారి పట్టీ వంపు తిరిగి దిగింది, గాడి పొడవునా చదునుగా పరుచుకుంది. శాడిల్ వేలితో నొక్కితే దిగేంత బిగువుగా ఉంటే చాలు. సుత్తితో కొట్టి దింపాల్సి వస్తే ఒత్తిడి పికప్‌ని చేరకుండా గాడి గోడలే ఆపేస్తాయి. కొందరు శబ్దం తగ్గిన తీగ కింద కాగితం మడతపెట్టి దూరుస్తారు, నాకది నచ్చదు, మెత్తటి వస్తువు అదురుని తాగేస్తుంది, మూలకారణం అలాగే ఉండిపోతుంది. శాడిల్ అడుగు అరగదియ్యాల్సి వచ్చినవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి: అర మిల్లీమీటరు తగ్గిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు పావు మిల్లీమీటరు తగ్గుతుంది.

ఇదంతా అయ్యాక యాంప్‌కి కలిపితే సన్నటి హమ్ ఒకటి వచ్చింది, జాక్ లోహాన్ని వేలితో ముట్టుకుంటే ఆగిపోతోంది. గ్రౌండ్ తెగిందని అదే సూచన. బయటి నట్టు వదులై జాక్ మొత్తం తిరిగి, లోపల గ్రౌండ్ వైరు సోల్డరింగ్ దగ్గర పగిలింది. బ్యాటరీ తీసి, మళ్లీ సోల్డర్ చేసి, లోపల జాక్‌ని పట్టుకుని బయట నట్టు బిగించాను.

పూర్తి శ్రుతిలో పెట్టి పరీక్షిస్తే ఆరు తీగలూ పలుకుతున్నాయి. రెండో తీగ మాత్రం మిగతావాటికంటే కాస్త ముందుకి వస్తోంది, ప్రీయాంప్‌లో మిడ్ (మధ్య స్థాయి స్వరాల శబ్దం) కొంచెం తగ్గించి దాన్ని అలాగే వదిలేశాను.