నేరేడు పళ్లు

జూన్ నెలాఖరున, వాన పడుతున్న సాయంత్రం మా వీధి కాలువ పక్కన ఓ కుక్కపిల్ల దొరికింది. నల్లగా నిగనిగలాడుతోందని మా అమ్మాయి నేరేడు అని పేరు పెట్టింది. పశువైద్యుడు నోరు తెరిచి చూసి, ఆరు వారాల పిల్ల అన్నారు. వారం తిరిగేసరికి ఇంట్లో అందరి చేతుల మీదా గీతలే.

కోపంతో కాదు, తోక ఊపుతూనే కొరికేది. పాలపళ్లు 28, అన్నీ సూదిమొనలే. ఒకరోజు గౌను అంచు లాగుతుంటే అమ్మాయి చేయి అడ్డం పెట్టింది, రక్తం వచ్చింది. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాం. టీకా పడని వీధి కుక్కపిల్ల కరిస్తే చిన్న గాటే కదా అని ఊరుకోవడానికి లేదు. గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే మందు) ఇచ్చి, రేబిస్ టీకా ఆ రోజే మొదలుపెట్టారు. మిగతావి 3, 7, 28వ రోజుల్లో. సూది వేస్తుంటే అమ్మాయి నా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రాత్రి అత్తయ్యగారు "ఎవరికైనా ఇచ్చేయమ్మా" అన్నారు. నాకు నిద్ర పట్టలేదు.

మూతి మీద ఒక్కటి వేస్తే మానేస్తుందని పక్కింటివారు చెబితే వేశాను. మర్నాడు నిమరబోయినా బెదిరి ముందే కరిచింది. ఆ పని మళ్లీ చేయలేదు.

తోబుట్టువులతో పెరిగే పిల్ల గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత మెల్లగా పట్టుకోవాలో అలా తెలుస్తుంది. నేరేడుకు ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. నేను కుయ్యిమంటే ఇంకా రెచ్చిపోయేది. అందుకని అరవడం మాని, ఆట మానడం ఒక్కటే పట్టుకున్నాను. పన్ను తగలగానే చేయి విదిలించకుండా కదలక ఉండి, నోరు వదలగానే మాట్లాడకుండా లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం. ముప్పై లెక్కపెట్టి వచ్చి, తాడు ఇచ్చి మళ్లీ ఆడించడం. రోజుకు ఇరవై ముప్పై సార్లు.

వారమైనా మార్పు లేదు. నేను వంటింట్లో ఉన్నప్పుడు మామయ్యగారు వేళ్లతో, కండువా కొసతో ఆడిస్తున్నారని అప్పుడు చూశాను. చెప్పడానికి మొహమాటపడ్డాను. "మామయ్యగారూ, మనలో ఒక్కరు చేయి అందించినా దానికి అర్థం కాదండీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నొచ్చుకున్నారేమోనని బెంగపడ్డాను. తెల్లవారేసరికి పాత పంచె చింపి, మూడు పాయలుగా జడ అల్లి, కొసలు ముడివేసి ఉంచారు. అప్పటి నుంచి అదే దాని బొమ్మ.

సాయంత్రం ఏడింటికి మాత్రం పూనకం వచ్చినట్టే ఉండేది. ఇంకా ఆడించాలేమో అనుకుని అలసిపోయేదాన్ని. వైద్యుడు "ఎంతసేపు పడుకుంటోంది?" అని అడిగారు. ఆ వయసు పిల్లకు రోజుకు 18 నుంచి 20 గంటల నిద్ర కావాలట. టీవీ, వచ్చేపోయే జనంతో మా ఇంట్లో అందులో సగం కూడా దక్కడం లేదు. ఆరింటికే వెనక గదిలో గోనెపట్టా పరిచి దీపం ఆర్పడం మొదలుపెట్టాం. సగం కొరుకుడు ఆ గదిలోనే పోయింది. ఈ సంగతి మొదటే తెలిసి ఉంటే అమ్మాయికి ఆ సూదులు తప్పేవేమో అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అక్టోబరులో పళ్లు ఊడటం మొదలైంది. పంచె జడలో చిక్కుకున్న బియ్యపు గింజంత పన్ను అమ్మాయికి దొరికితే అగ్గిపెట్టెలో దాచుకుంది. ఆ సాయంత్రం ఆటలో అమ్మాయి మణికట్టు నేరేడు నోట్లోకి వెళ్లింది. నేను కేక వేసేలోపే వదిలేసి, వెనక్కి తగ్గి కూర్చుంది. అమ్మాయి మాట్లాడకుండా లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్క వినిపిస్తుంటే, నేరేడు తలుపు కింది సందులో ముక్కు పెట్టి పడుకుంది.