ఫసలీ 1347 నాటి రశీదు

ఆదివారం.

ఊళ్లో మా పొలం రీసర్వేకు వచ్చిందనీ, పాత కాగితాలు ఏమైనా ఉంటే వెతికి పెట్టమనీ తమ్ముడు రెండు వారాలుగా పోరుతుండడంతో, ఈ ఉదయం విశాఖ ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి అటక మీది నుంచి నాన్నగారి ట్రంకు పెట్టె దించాను. సముద్రపు గాలికి గొళ్లెం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పట్టా దొరకలేదు గాని, మడతల దగ్గర చిరిగిన శిస్తు రశీదు ఒకటి దొరికింది. అందులో విజయనగరం సంస్థానం పేరు, తాతగారి పేరు, ఫసలీ 1347 అనే అంకె ఉన్నాయి.

ఫసలీకి 590 కలిపితే 1937 వస్తుందనీ, అది జూలైలో మొదలై మరుసటి జూన్‌తో ముగిసే పంటల ఏడాది అనీ మా అబ్బాయికి చెప్పాను. అంతవరకు తేలికే. ఆ డబ్బు చివరకు ఎవరికి చేరేదని వాడు అడిగినదానికి జవాబు చెప్పేసరికి మాత్రం మధ్యాహ్నమైంది.

మా ఊరు పద్మనాభానికి దగ్గర. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతోను, మరుసటి ఏడు నిజాముతో కుదిరిన ఒడంబడికతోను మా వైపు కోస్తా ప్రాంతమైన ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. జమీందారు సర్కారుకు ఏటా కట్టవలసిన సొమ్మును పేష్కషు అనేవారు; ఆ బకాయిల పేరిట కంపెనీ విజయనగరం జమీందారీని స్వాధీనం చేసుకొని, నెలకు 1,200 రూపాయల భత్యం పుచ్చుకొని మచిలీపట్నం వెళ్లిపొమ్మని దాని జమీందారు చిన విజయరామరాజును ఆజ్ఞాపించింది. ఆయన వెళ్లలేదు; 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో తలపడి మరణించారు. అనంతపద్మనాభ స్వామి కొండ మెట్లెక్కేటప్పుడు నాన్నగారు ఆగి, ఆ నేలను మాకు వేలితో చూపేవారు.

కథ చెప్పేవాళ్లందరూ అక్కడితో ఆపేస్తారు. మా ఇంటికి సంబంధించిన సంగతి ఆ తరువాతే మొదలైంది. రాజుగారి కుమారుడికి జమీందారీని కుదించి తిరిగి ఇచ్చి, 1802 నాటి శాశ్వత శిస్తు విధానంలో 1,157 గ్రామాలకు ఏడాదికి 5 లక్షల రూపాయల పేష్కషు ఖాయపరిచారు. ఆ ‘శాశ్వతం’ జమీందారు కంపెనీకి కట్టేదానికే గాని, రైతు జమీందారుకు కట్టేదానికి కాదు. పేష్కషు బకాయి పడిన జమీందారీలు వేలానికి వెళ్లేవి కనుక, పైనున్న ఆ భయం శిస్తు వసూలు చేసే అమీనుల మీదుగా, కరణాల మీదుగా దిగివచ్చి చివరకు రైతు గడపలో జప్తుగా మారేది. సాగుచేసే రైతుకు భూమి మీద హక్కును గుర్తించిన ఎస్టేట్ల చట్టం 1908లో గాని రాలేదు.

ఈ రశీదు నాటికి ధాన్యం ధరలు పడిపోయి ఉన్నాయి. అప్పుడే మద్రాసులో రెవెన్యూ మంత్రిగా ఉన్న ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. శిస్తులను 1802 నాటి స్థాయికి తగ్గించాలని అది సిఫారసు చేసింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు. జమీందారీలు రద్దు కావడానికి 1948 చట్టం రావలసి వచ్చింది.

మా తాతగారు తెల్లదొరను కళ్లారా చూశారో లేదో అనుమానమే. ఆయనకు తెలిసిన దొరతనమంతా తెలుగులో మాట్లాడే, వరుసలు కలిపి పిలిచే మనుషుల చేతుల మీదుగానే నడిచింది. ఇంగ్లీషువాళ్ల పాలన అనగానే తుపాకులూ టోపీలూ తలుచుకొనే నా అలవాటు ఎంత అరకొరదో ఈ కాగితం చూశాక గాని తోచలేదు.

రశీదు ఫోటో పంపితే, ఇందులో సర్వే నంబరు లేదు గనుక ఇది పనికిరాదని తమ్ముడు తేల్చేశాడు. దానిని మళ్లీ మడవబోతూ వెనక వైపు చూశాను. తాతగారి చేతిరాతలో, పెన్సిలుతో: “ఇత్తడి బిందెలు రెండు, గుండిగ ఒకటి, షావుకారు వద్ద.”

అడుగున మాటు వేసిన ఆ గుండిగ మా అటక మీద ఇప్పటికీ ఉంది. బిందెలు లేవు.