ఎడ్జ్‌వుడ్, అలామో హైట్స్: నా జీఎస్-2 నోట్సులో ఎక్కువ పనికొచ్చిన పేజీ

ఫ్రెండ్స్, సివిల్స్ మెయిన్స్ జీఎస్-2 (జనరల్ స్టడీస్ రెండో పేపర్)లో ‘ఇతర దేశాల రాజ్యాంగాలతో పోలిక’ అనే టాపిక్‌ని చాలామంది ఫ్రాన్స్ లౌకికవాదం, అమెరికా ఫెడరలిజం అని రెండు ముక్కలు బట్టీపట్టి వదిలేస్తారు. నేను ఒక్క కేసు పట్టుకున్నా: అమెరికా సుప్రీంకోర్టులో 1973 నాటి శాన్ ఆంటోనియో వర్సెస్ రోడ్రిగెజ్.

అమెరికాలో బడి ఖర్చులో పెద్ద వాటా ఆ ప్రాంతపు ఆస్తి పన్ను నుంచే వస్తుంది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 1967-68 లెక్క చూడండి. పేద మెక్సికన్ అమెరికన్లు ఎక్కువగా ఉండే ఎడ్జ్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్టులో 100 డాలర్ల ఆస్తికి పన్ను 1.05 డాలర్లు. బడులకు నిధులిచ్చే రాష్ట్ర పథకానికి కట్టాల్సింది పోగా ఒక్కో విద్యార్థికి మిగిలింది 26 డాలర్లు. సంపన్నుల అలామో హైట్స్‌లో పన్ను 85 సెంట్లే, మిగిలింది 333 డాలర్లు! పన్ను రేటు ఎక్కువ ఉన్నచోటే రాబడి తక్కువ. ఎందుకంటే విద్యార్థికి లెక్కగడితే ఆస్తి విలువ ఒకచోట 5,960 డాలర్లు, మరోచోట 49,000కు పైనే. ఈ అంకెలు చిన్న పట్టికగా వేస్తే చాలు, పేజీడు ఉపన్యాసం అక్కర్లేదు.

ఈ తేడాపై కేసు వేసిన ఎడ్జ్‌వుడ్ విద్యార్థుల తండ్రి రోడ్రిగెజ్ 5-4 తేడాతో ఓడిపోయాడు. విద్య తమ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని జస్టిస్ పావెల్ తీర్పు. సరిగ్గా ఇరవై ఏళ్లకు మన సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 14 ఏళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనంది. తర్వాత 2002లో 86వ సవరణ, దాంతో ఆర్టికల్ 21ఎ. పోలిక అంటే ఇదీ.

కథ 1973తో ఆపేయకండి. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టే తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఆ పద్ధతిని ఏకగ్రీవంగా కొట్టేసింది. 1993లో ధనిక స్కూల్ డిస్ట్రిక్టుల నుంచి కొంత తీసి పేదవాటికిచ్చే చట్టం వచ్చింది. జనం పెట్టిన పేరు ‘రాబిన్‌హుడ్’. కాలిఫోర్నియా 1978 ప్రొపోజిషన్ 13 (ఆస్తి పన్నుకు 1 శాతం సీలింగ్) ఒక్క లైను రాస్తే సరి.

మన దగ్గర సర్కారీ టీచర్ల జీతాలు రాష్ట్ర బడ్జెట్‌వి, సమగ్ర శిక్షలో కేంద్రం, రాష్ట్రం వాటా 60:40. ఇంటి పన్నుతో బడికి పెద్దగా ముడిలేదు. గ్రంథాలయానికి మాత్రం ఉంది: ఇంటి పన్ను రూపాయికి 8 పైసల సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. పెద్ద కార్పొరేషన్ ఉన్న జిల్లాకూ, అన్నీ చిన్న పంచాయతీలే ఉన్న జిల్లాకూ అది ఒకేలా రాదు. మనలో చాలామంది చదివేది ఆ రీడింగ్ రూముల్లోనే కాబట్టి, ఎస్సేలో స్థానిక ఉదాహరణ కావాలంటే దీన్నే వాడండి.