ఊక బూడిద, గాజు పొడి కలిపిన కడ్డీలు: ఇప్పటిదాకా తేలింది

ఈ విడతలో కంకర జోలికి పోలేదు. సిమెంటు కొంత తగ్గించి ఆ చోట బూడిదో గాజు పొడో వేస్తే ఏమవుతుందో చూడటానికి మాలుతో (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) పోసిన కడ్డీలే చాలు. అచ్చు కొలత 20 × 20 × 250 మి.మీ. ఒక కలుపుకు సిమెంటు 180 గ్రాములు, బూడిద 20, ఇసుక 600, నీళ్లు 100 మి.లీ. నాలుగు కడ్డీలు వస్తాయి. పోలిక కోసం ఉత్త సిమెంటు కడ్డీలూ అదే రోజు పోస్తున్నాను. అన్నీ తూకంతోనే, బూడిద తేలిక కాబట్టి గిన్నెతో కొలిస్తే లెక్క చెడుతుంది.

ఊక కాలితే దాని బరువులో సుమారు ఐదో వంతు బూడిద మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ఈ సిలికా పట్టుకుని మళ్లీ బంకగా మారుస్తుంది. అయితే 700 డిగ్రీలు దాటి చాలాసేపు కాలితే సిలికా స్ఫటికమై మొద్దుబారుతుంది. సరిగ్గా కాలకపోతే బొగ్గు మిగిలి నీళ్లన్నీ తాగేస్తుంది. అందుకే నల్లటిది పక్కన పెట్టి, లేత రంగు బూడిదనే నూరి జల్లెడ పడుతున్నాను.

కలిపేటప్పుడు చూడాలి తమాషా. మొదట జారుగా ఉన్న మాలు చూస్తుండగానే బిగుసుకుని తాపీకి ముద్దగా అంటుకుని లేస్తుంది. చెయ్యి దానంతటదే మగ్గు వైపు పోతుంది. పోయకూడదు! నీళ్లు పెరిగితే బలం తగ్గింది బూడిద వల్లో నీటి వల్లో తేలదు. ప్లాస్టిసైజరు (నీళ్లు పెంచకుండానే మాలును జారుగా చేసే మందు) కొన్ని చుక్కలు వేస్తే సర్దుకుంటుంది. సిమెంటు బదులు బూడిద 10 శాతం దాకా వేస్తే ఇబ్బంది లేదు, 20 శాతంలో అచ్చు మూలలు నిండటమే కష్టం.

గాజును ముక్కలుగా ఇసుక బదులు వేయడం నాకు ఇష్టం లేదు. సిమెంటులోని క్షారంతో కలిసి జెల్ అవుతుంది, అది తేమ పీల్చి ఉబ్బుతుంది, పగుళ్లు ఎప్పుడో ఏళ్ల తర్వాత బయటపడతాయి. అదే గాజు 75 మైక్రాన్ల కంటే మెత్తగా ఉంటే బూడిదలాగే మేలు చేస్తుంది. అంత మెత్తగా నూరడం మాత్రం పరమ విసుగు. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. గుడ్డు పెంకుల పొడి గురించి కూడా అడుగుతుంటారు. అది కాల్షియం కార్బొనేట్, సందులు నింపడం తప్ప పెద్దగా ఏమీ చేయదు.

పరీక్షకు యంత్రం లేదు. 200 మి.మీ. ఎడంగా ఉన్న రెండు ఆసరాల మీద కడ్డీ పెట్టి, మధ్యలో బకెట్ వేలాడదీసి, సన్నటి ధారగా నీళ్లు పోస్తాను. టక్కున విరగ్గానే బకెట్‌ను నీళ్లతో సహా తూస్తాను. 7వ రోజున బూడిద కడ్డీ కాస్త ముందే విరిగింది, 28వ రోజుకు ఉత్త సిమెంటు కడ్డీతో సమానంగా నిలిచింది. 20 శాతం గాజు పొడిది ఇంకా వెనకే ఉంది. ఈ రసాయన చర్య నిదానం కాబట్టి మిగతా కడ్డీలను నీళ్లలోనే ఉంచాను, 90వ రోజున తీస్తాను. ఈలోగా 5 శాతం బూడిద, 10 శాతం గాజు పొడి కలిపి మరో జత పోయాలి.