గ్లాస్గోలో కారు లేని బతుకు: ముందు తిరుగు బండి సంగతి చూసుకోండి

గ్లాస్గో వచ్చిన కొత్తలో ఎవరిని కదిపినా ఒకటే మాట, "ఇక్కడ కారు లేకపోతే ఏమీ చూడలేవు" అని. లైసెన్సు, ఇన్సూరెన్సు, పార్కింగ్... ఇవన్నీ తలచుకుంటేనే నీరసం వచ్చి నేను కారు జోలికి పోలేదు. అయినా శనాదివారాల్లో ఇంట్లో కూర్చున్నది తక్కువే.

కాకపోతే ఒక దెబ్బ తిన్నాక తెలివి వచ్చింది. మొదటి ఏడాది అక్టోబరులో ఒక ఆదివారం నేనూ మా ఫ్రెండూ బల్లోఖ్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి బస్సులో బల్మహా చేరి, కోనిక్ హిల్ ఎక్కాం. ఎత్తు 361 మీటర్లే, కానీ పైనుంచి చూస్తే లాక్ లోమండ్ సరస్సులో దీవులు ఎవరో దారం పట్టి పేర్చినట్టు ఒకే వరసలో కనిపిస్తాయి (స్కాట్లండ్‌లో కొండల ప్రాంతమైన హైలాండ్స్‌కీ, పల్లపు ప్రాంతమైన లోలాండ్స్‌కీ మధ్య భూమి చీలిన గీత సరిగ్గా అక్కడి నుంచే పోతుంది). ఫొటోలు తీసుకుని, తాపీగా దిగి, టీ తాగి బస్టాపుకి వస్తే బస్సు వెళ్లిపోయింది. నేను చూసుకున్నది శనివారం టైమ్‌టేబుల్! తర్వాతి బస్సుకి రెండు గంటలు, పైగా సన్నటి వాన, గాలికి అడ్డంగా తిరిగే రకం. మా వాడు రెండు గంటలూ నాతో మాట్లాడలేదు.

అప్పటి నుంచి నేను ప్లాన్ వెనక నుంచి వేస్తాను. ముందు ఆఖరి బండి ఏది, దానికి ముందు బండి ఏది చూసుకుని, ఆ ముందుదాన్నే నా బండి అనుకుంటాను, ఆఖరిది కేవలం ధైర్యం కోసం. ఎన్ని గంటలకు బయలుదేరాలన్నది ఆ లెక్క తేలాక దానంతటదే తేలుతుంది. ట్రావెల్‌లైన్ స్కాట్లండ్ యాప్‌లో బస్సు, రైలు, ఫెర్రీ మూడూ కలిపి చూపిస్తుంది, తేదీ మాత్రం సరిగ్గా పెట్టండి బాబూ.

ఇంకో లెక్క వెలుతురుది. జూన్‌లో రాత్రి పదింటికి కూడా సూర్యుడు ఉంటాడు, డిసెంబరులో నాలుగు కాకముందే చీకటి. చలికాలంలో కొండల జోలికి పోకుండా స్టిర్లింగ్ లాంటి ఊళ్లు పెట్టుకుంటే హాయి. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ముప్పావుగంట కూడా పట్టదు, కోట చూసుకుని చీకటి పడేసరికి రైలెక్కేయొచ్చు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది మాత్రం సముద్రం ఒడ్డున ఉన్న వెమిస్ బే. సెంట్రల్ స్టేషన్ నుంచి సుమారు యాభై నిమిషాలు. 1903లో కట్టిన స్టేషన్ అది. రైలు దిగి తలెత్తితే గాజు కప్పు, దాని ఇనుప కమ్మీలు టికెట్ ఆఫీసు గది మీద నుంచి గొడుగు పుల్లల్లా గుండ్రంగా విచ్చుకుని ఉంటాయి. అక్కడి నుంచి కప్పున్న దారి ఒకటి మెలి తిరుగుతూ, వాలుగా, నేరుగా ఫెర్రీ దగ్గరికి దిగుతుంది. వాన పడుతున్నా తడవకుండా రైల్లోంచి ఓడలోకి నడిచి వెళ్లడమే! ముప్పై అయిదు నిమిషాల్లో బ్యూట్ దీవిలో రోత్సే. కోట ఉంది, సముద్రపు ఒడ్డు ఉంది, ఇంకా రేవు దగ్గర 1899 నాటి పాలరాయి, సిరామిక్ టైల్స్ టాయిలెట్లు ఉన్నాయి, జనం పనిగట్టుకుని చూడటానికి వస్తారు, నవ్వకండి. నడిచి ఎక్కేవాళ్లకు ముందుగా సీటు బుక్ చేసుకునే పని లేదు, రైలుకీ ఫెర్రీకీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది. కానీ ఓడ కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేటు వేసేస్తారు, ఆ సంగతి గుర్తుంచుకోండి. గాలి ఎక్కువైతే ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి పొద్దున్నే ఒకసారి చూసుకోవాలి.

పిల్లలున్నవాళ్లయితే లార్గ్స్. గంట రైలు, పది నిమిషాల ఫెర్రీ, అవతల కంబ్రే దీవిలో మిల్‌పోర్ట్ ఊరికి తీసుకెళ్లే బస్సు. మిల్‌పోర్ట్‌లో అద్దె సైకిలు తీసుకుంటే దీవి చుట్టూ పది మైళ్లు, ఎక్కువ భాగం చదునే.

వెస్ట్ హైలాండ్ రైలు సంగతి వేరే. క్వీన్ స్ట్రీట్‌లో ఎక్కేటప్పుడే మీరెక్కే బోగీ ఎక్కడికి పోతుందో అడగండి, ఎందుకంటే క్రియన్‌లారిఖ్ దగ్గర బండి రెండుగా విడిపోయి సగం ఓబన్‌కీ సగం ఫోర్ట్ విలియం వైపుకీ వెళ్లిపోతుంది. నీళ్లు చూడాలంటే వెళ్లేటప్పుడు మొదట ఎడమ పక్క కూర్చోవాలి, ఆరొఖర్ అండ్ టార్బెట్ స్టేషన్ దాటాక లాక్ లోమండ్ కుడి పక్కకి వస్తుంది. ఓబన్‌కి పోను మూడు గంటల పైన, రాను మూడు గంటల పైన. ఒక్క రోజులో చేయొచ్చు, నేను చేశాను, మళ్లీ చేయను.

డబ్బు విషయంలో ఒక మంచి కబురు. ఇక్కడి రైళ్లు నడిపే స్కాట్‌రైల్‌లో పీక్ ఛార్జీలు (రద్దీ వేళల్లో వేసే ఎక్కువ ధర) 2025 సెప్టెంబరు 1 నుంచి తీసేశారు, కాబట్టి సెలవు పెట్టి మామూలు రోజున పొద్దున ఏడింటికి బయలుదేరినా అదే టికెట్ ధర. ఇక్కడ ఉండే 22 ఏళ్ల లోపువాళ్లకు కార్డు తీసుకుంటే బస్సులు ఉచితం. రైళ్లకు అది వర్తించదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు చాలామంది ఆ కార్డుకి అప్లై చేయకుండానే ఏడాది గడిపేస్తున్నారు.

వచ్చే నెల కోరూర్ వెళ్దామనుకుంటున్నా. 408 మీటర్ల ఎత్తులో స్టేషన్, అక్కడికి అందరూ వాడే రోడ్డు అంటూ లేదు, రోజుకి వచ్చే బళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బండి తప్పితే ఆ బురద నేలలో ఏ బస్టాపూ ఉండదు. మా ఫ్రెండ్ కూడా వస్తానన్నాడు, కాకపోతే టైమ్‌టేబుల్ తనే చూస్తాడట.