గూడ మళ్లీ మళ్లీ జారుతుంటే: కావలి నుంచి లియాన్ దాకా

మా కావలి వైపు కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లలకు గూడ జారడం కొత్తేమీ కాదు. గ్రౌండ్‌లోనే ఎవరో ఒకరు చెయ్యి లాగి కూర్చోబెడతారు, కొన్నాళ్లు కట్టు, మళ్లీ ఆట. నా కుడి గూడ కథా అలాగే మొదలైంది. మొదట కీహోల్‌లో (చిన్న రంధ్రాల్లోంచి) చేసిన బాంకార్ట్ రిపేర్, అంటే గూడ గిన్నె అంచున ఊడిన వలయాన్ని కుట్టడం, నిలవలేదు. రెండో ఆపరేషన్, ఆ గిన్నె అంచుకు ఎముక ముక్క బిగించే లాటార్జే, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చేయించుకున్నాను. ఇప్పుడు చెయ్యి తలమీదికి పూర్తిగా లేస్తోంది, జారడం లేదు. "అన్నా, మావాణ్ణి కూడా ఫారిన్ తీసకపోవాల్నా?" అని అడిగే ఇళ్లవాళ్ల కోసం తెలిసినంతా రాస్తున్నాను.

చాలామందికి అక్కర్లేదు. బాంకార్ట్ అయినా లాటార్జే అయినా చెన్నై, కోయంబత్తూరు, హైదరాబాద్‌లలో రోజూ చేసే సర్జన్లున్నారు. మొదటి ఆపరేషన్ ఫెయిలై, ఎముక బాగా అరిగిపోయి, పైగా అక్కడ మనకు దగ్గరుండి చూసుకునే మనుషులుంటేనే బయటి దేశం గురించి ఆలోచించాలి. నాకు ఆ మూడూ కలిశాయి. మా బావవాళ్లు లియాన్‌లోనే ఉంటారు.

అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి. గూడలో బంతి పెద్దది, గిన్నె చిన్నది. స్కూల్లో పిల్లలు పరిగెత్తే పందెంలో స్పూను మీద నిమ్మకాయలా ఉంటుంది. ఆ గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తని వలయాన్ని లేబ్రమ్ అంటారు. గూడ ముందుకు జారినప్పుడు ఆ వలయం ముందువైపు కింది భాగంలో ఊడుతుంది. 1923లో లండన్ సర్జన్ బాంకార్ట్ దీని గురించి రాశారు, అందుకే ఆయన పేరు. జారిన ప్రతిసారీ గిన్నె అంచు ఎముక కొంచెం అరుగుతుంది, బంతి వెనక భాగంలో సొట్ట పడుతుంది. ఆ సొట్టను హిల్-సాక్స్ అంటారు. గిన్నె వెడల్పులో 20-25 శాతం పోయిందంటే వలయాన్ని ఎంత బాగా కుట్టినా బంతి ఆ ఖాళీలోంచే జారుతుంది. కుట్లు ఫెయిలయ్యే కేసుల్లో పెద్ద కారణం ఇదే: ఎంఆర్ఐ చూసి వలయం చిరిగిందని తేల్చారు గానీ, సీటీలో ఎముక ఎంత పోయిందో కొలవలేదు.

కుట్లు నిలవకపోయే అవకాశం ఎంతో చెప్పే స్కోరు ఒకటుంది, మొదటి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగొచ్చు. బాలగ్, బ్వాలో అనే సర్జన్లు 2007లో ప్రచురించిన ఐసిస్ స్కోరు, మొత్తం 10 పాయింట్లు. వయసు 20 లేదా అంతకు తక్కువైతే 2, పోటీల్లో ఆడేవాడైతే 2, ఒళ్లు తగిలే ఆట లేదా చెయ్యి పైకెత్తి కొట్టే ఆట అయితే 1, కీళ్లు మరీ వదులైతే 1, ఎక్స్‌రేలో బంతి మీద సొట్ట కనిపిస్తే 2, గిన్నె అంచు గీత పోతే 2. ఆరు దాటితే కుట్లతో సరిపెట్టకుండా లాటార్జే చెయ్యమని వాళ్ల సలహా. పోటీల్లో కబడ్డీ ఆడే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఎక్స్‌రే తియ్యకముందే అయిదు పడిపోతాయి.

లాటార్జే అంటే, భుజం ముందు కొక్కెంలా ఉండే కోరకాయిడ్ ఎముక కొసను రెండు, రెండున్నర సెంటీమీటర్లు కోసి, దానికి అంటుకున్న కండర తాళ్లతో సహా తెచ్చి, గిన్నె ముందు అంచుకు రెండు స్క్రూలతో బిగిస్తారు. 1954లో లియాన్‌లోనే మిషెల్ లాటార్జే దీన్ని వివరించారు. అరిగిన చోట ఎముక వస్తుంది. చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పినప్పుడు ఆ తాళ్లు బంతికి అడ్డుగా పట్టీలా నిలుస్తాయి. అదే దీని బలం. ప్రమాదం కూడా అక్కడే ఉంది, నరాలు ఆ పక్కనుంచే పోతాయి. భుజం బయటివైపు అరచేయంత మేర మొద్దుబారినా, మోచెయ్యి మడవడం బలహీనపడినా వెంటనే చెప్పాలి.

బయటి సర్జన్ మొదట మన మొహం చూడడు, మన స్కాన్ చూస్తాడు. ఫిల్ముకు ఫోన్‌తో తీసిన ఫోటో పనికిరాదు. రెండు భుజాలకూ సీటీ, త్రీడీ బొమ్మలతో తీయించాలి, ఎందుకంటే బాగున్న వైపు గిన్నెతో పోల్చే అరుగుదల లెక్కగడతారు. స్కాన్ సెంటర్లో "డైకామ్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో కావాల" అని అడగండి, డైకామ్ అంటే స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు. ఉత్త రిపోర్టు కాగితం తీసుకుని వచ్చేయొద్దు. పాత ఆపరేషన్ నోట్ తప్పనిసరి: ఎన్ని యాంకర్లు (కుట్టు దారాన్ని ఎముకకు పట్టించే చిన్న మేకులు) వేశారు, అవి లోహానివా కరిగేవా, ఎక్కడ వేశారు. డిశ్చార్జి సమ్మరీలో చాలాసార్లు ఇది ఉండదు, విడిగా అడిగి తీసుకోవాలి. పాత ఆపరేషన్ చోట ఇన్‌ఫెక్షన్ లేదని చూపడానికి సీఆర్‌పీ, ఈఎస్ఆర్ అనే రక్త పరీక్షలు కూడా జత చేయాలి.

ఎస్టిమేట్ అడిగేటప్పుడు సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, స్క్రూలు, గది, అక్కడి ఫిజియో విడివిడిగా రాయించుకోండి. ఏదైనా తేడా వచ్చి ఇంకో రెండు రోజులు ఉంచితే ఎంత అనేదీ అందులోనే ఉండాలి. ఫ్రాన్స్‌కు తీసుకునే షెంగెన్ వీసాకు 30,000 యూరోల ఇన్సూరెన్స్ కావాలి గానీ, ముందే అనుకుని చేయించుకునే వైద్యానికి అది పనిచెయ్యదు. వీసా ఫైల్లో మన డాక్టర్ సర్టిఫికెట్, అక్కడి ఆసుపత్రి ఒప్పుకున్నట్టు లెటర్, అడ్వాన్సు కట్టిన రసీదు ఉంటే ప్రశ్నలు తగ్గుతాయి. డబ్బు పంపడానికి బ్యాంకులో ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు), పాన్, ఎస్టిమేట్ ఇవ్వాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షలు దాటిన మొత్తం మీద టీసీఎస్ అనే పన్ను బ్యాంకులోనే ముందుగా పట్టుకుంటున్నారు, అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. చిన్న బ్రాంచి వాళ్లు నెల్లూరు పంపిస్తారేమో ముందే కనుక్కోండి.

ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు భుజానికి, చంకకు మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ పూయిస్తారు. భుజం చర్మంలో లోతుగా ఉండే ఒక బ్యాక్టీరియాను అది తగ్గిస్తుంది. బట్టల రంగు మాత్రం పోతుంది, తెల్ల బనియన్ వేసుకోవాలి. సిగరెట్ ఉంటే ముందే మానాలి, లేకుంటే ఎముక సరిగా అతక్కపోవచ్చు. మెడ దగ్గర మత్తు బ్లాక్ ఇచ్చాక అదే వైపు కంటి రెప్ప వాలినా, ఊపిరి పూర్తిగా అందనట్టున్నా, గొంతు బొంగురుపోయినా కంగారుపడొద్దు, బ్లాక్ దిగగానే పోతాయి. అయినా నర్సుకు చెప్పాలి. బ్లాక్ దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా వస్తుంది కాబట్టి మాత్ర అంతకు ముందే పడాలి.

తిరుగు ప్రయాణం సంగతి జాగ్రత్తగా చదవండి. విమానం ఎక్కడానికి సర్జన్ ఫిట్‌నెస్ లెటర్, విమాన సంస్థ వైద్య ఫారం ముందే పంపాలి, వీల్‌చెయిర్ కూడా అప్పుడే అడగాలి. కుడి భుజమైతే విమానం కుడివైపు కిటికీ సీటు, లేదా ఎడమ పక్కన నడవ ఉండే సీటు. నడవ వైపు కట్టు చెయ్యి ఉంటే భోజనాల బండి తగులుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా బిగుతు సాక్సులు, గంటకోసారి లేచి నడక. గల్ఫ్ మీదుగా వస్తే ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు అనుమతి కాగితం లేకుండా బ్యాగులో ఉండకూడదు, అక్కడ అవి నియంత్రిత జాబితా మందులు. చెన్నై నుంచి కావలికి దాదాపు 230 కిలోమీటర్లు కారే మేలు. ముందు ఎడమ సీట్లో కూర్చుంటే బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది, కుడి భుజానికి తగలదు.

ఇంటికొచ్చాక మన ఎండ, ఉక్క అసలు పరీక్ష. స్లింగ్ కింద చంకలో చెమటకు చర్మం పాసిపోతుంది. నడుం వంచి నిలబడి చెయ్యి తనంతట తాను కిందికి వేలాడేలా వదిలితే చంక తెరుచుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, మెత్తని నూలు గుడ్డ మడిచి పెట్టాలి. చెయ్యి పైకెత్తి తుడవకూడదు. చొక్కా వేసేటప్పుడు కట్టు చెయ్యి మొదట, తీసేటప్పుడు చివర. లుంగీ ఒంటిచేత్తో కట్టలేం, ఎలాస్టిక్ నిక్కరు కొనండి. నిద్ర వాలుకుర్చీలో, లేదా వీపు వెనక మూడు దిండ్లు, మోచెయ్యి కింద ఒకటి.

స్లింగ్ సాధారణంగా మూడు, నాలుగు వారాలు. వేళ్లు, మణికట్టు మొదటి రోజు నుంచే ఆడించాలి. మోచెయ్యి బరువు లేకుండా మడవొచ్చు. బకెట్ ఎత్తడం, బిందె పట్టుకోవడం ఆరు వారాల దాకా వద్దే వద్దు. మోచెయ్యి మడిచే కండరంలో ఒక తాడు, కొత్తగా అతికించిన ఎముక ముక్కకే తగులుకుని ఉంది; బరువు లాగితే స్క్రూల మీద ఆ ముక్క కదులుతుంది. చెయ్యి పక్కకెత్తి వెనక్కి తిప్పడం కూడా అంతదాకా నిషేధం. ఆ తర్వాతే రబ్బరు బ్యాండ్లు, భుజపుటెముక కండరాల బలం. ఈ పని చూసే ఫిజియోను టికెట్ కొనకముందే ఒంగోలులోనో నెల్లూరులోనో మాట్లాడి పెట్టుకోండి, సర్జన్ ప్రోటోకాల్ కాగితం (ఏ వారంలో ఏ వ్యాయామమో రాసింది) ఆయన చేతికి ముందే ఇవ్వండి. గూడ జారిన కేసులు చూసినవాడేనా అని అడగడం తప్పు కాదు. కుట్లు చూడటానికి, జ్వరమొస్తే చూపించుకోవడానికి ఇక్కడే ఒక ఆర్థోపెడిక్ డాక్టర్ కూడా కావాలి. వాళ్లిద్దరూ దొరక్కపోతే ప్రయాణం వాయిదా వేసుకోవాలనే నేను చెప్తాను.

మూడో నెలలో సీటీ తీసి ఎముక అతికిందో లేదో చూస్తారు. ఆ డైకామ్ ఫోల్డర్ కూడా సర్జన్‌కు పంపాలి. అతికి, బలం రెండోవైపుతో సమానంగా వస్తే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కబడ్డీకి అనుమతిస్తారు. తర్వాత ఎప్పుడైనా చెయ్యి లోపలికి తిప్పుతుంటే ముందువైపు గుచ్చుతున్నట్టు నొప్పి వస్తే, ఎముక కొంత కరిగి స్క్రూ తల బయటపడిందేమో ఎక్స్‌రే తీయించాలి. ఎముక పూర్తిగా అతికి ఉంటే స్క్రూలు తీసేయొచ్చు, ఆ చిన్న ఆపరేషన్‌కు మాత్రం చెన్నై చాలు.